పోటీ కాదంటారు... ర్యాంకులిస్తారు!

ఆదివారం తెల్లవారుజామున దేవనహళ్లి దాటి చిక్కబళ్లాపురం వైపు వచ్చే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే ఓ ముచ్చట కనబడుతుంది. చీకట్లో ఎర్ర దీపాలు మిణుకుమిణుకుమంటూ సైకిళ్లు వరస కట్టి వస్తుంటాయి. నెత్తిన హెల్మెట్టు, ఒంటికి అతుక్కుపోయిన రంగుల చొక్కా, చేతులకు గ్లౌజులు. ఎక్కువమంది బెంగుళూరు వాళ్లే. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ ఎక్కి దిగి, ఎండ ముదరకముందే ఇళ్లకు చేరుకుంటారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. గుంటూరు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాడు, తాతల కాలం నుంచి చింతామణిలోనో గౌరిబిదనూరులోనో పాతుకుపోయిన ఇంటి కుర్రాడు, ఇద్దరూ ఒకే ఇడ్లీ బండి దగ్గర నిలబడి చట్నీ ఇంకాస్త వెయ్యమంటారు. మొదట్లో మన ఊళ్లవాళ్లు వింతగా చూశారు. 'కారు కొనే స్తోమతు ఉండీ ఈ సైకిలు ఖర్మేందప్పా వీళ్లకి' అనుకున్నారు. ఆ సైకిళ్లలో కొన్నింటి ఖరీదు తమ మోటారు సైకిలు కంటే ఎక్కువని తెలిశాక నోరెళ్లబెట్టారు. ఇప్పుడంతా అలవాటైపోయింది.

ఈ ఆదివారం సవారీలతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా చలికాలం రాగానే మొదలయ్యే సామూహిక సవారీలతోనే. యాభై కిలోమీటర్లు, వంద కిలోమీటర్లు అని ప్రకటన వస్తుంది. రుసుం కట్టాలి. దానికి ఓ టీషర్టు, ఓ నంబరు, ఆఖర్న మెడలో పతకం. దరఖాస్తులో మొదటి వాక్యమే 'ఇది పోటీ కాదు, ఫన్ రైడ్ మాత్రమే' అని ఉంటుంది. బాగానే ఉంది. అయితే ఆ నంబరు అట్ట వెనక చిన్న చిప్ అతికించి ఉంటుంది. బయల్దేరిన క్షణం, చేరిన క్షణం అందులో పడిపోతాయి. సాయంత్రానికి ఫోన్లో జాబితా వచ్చేస్తుంది. మొదటివాడి నుంచి ఆఖరివాడి దాకా వరస నంబర్లతో, వయసుల వారీగా, ఆడా మగా వేరుగా. సరదాకి వచ్చినవాడికి 412వ ర్యాంకు ఎందుకు? ఎవరడిగారు?

ఎవరో అడిగే ఉంటారు. లేకపోతే ఇవ్వరు. నిజం చెప్పాలంటే అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ని.

పోయిన చలికాలంలో మన వైపు జరిగిన అలాంటి వంద కిలోమీటర్ల సవారీకి వార్త రాయడానికని వెళ్లాను. నిర్వాహకుల పేరు ఇక్కడ అవసరం లేదు, ఇది వాళ్లొక్కరి సంగతి కాదు. పక్కన నిలబడి ఏం రాస్తావు, తొక్కి చూడమన్నారు. నా దగ్గర గేర్లున్న పాత సైకిలు ఒకటుంది, సెకండ్‌హ్యాండ్‌ది. మొదటి ముప్పై కిలోమీటర్లు హాయిగా సాగింది. పక్కన ఓ రిటైర్డు మాస్టారు తొక్కుతూ, తాను చదువుకునే రోజుల్లో వారానికోసారి హిందూపురం దాకా సైకిలు మీద పోయి వచ్చేవాడినని కథలు చెప్పుకొచ్చాడు. ద్రాక్ష తోటలు, మల్బరీ పొలాలు, శిడ్లఘట్ట సంతకి పట్టుగూళ్ల బస్తాలు మోసుకెళ్లే ఆటోలు. అంతా చూస్తూ పోయాం.

ముప్పై దాటాక ఎర్ర చొక్కా వేసుకున్న ఒకాయన నన్ను దాటి పోయాడు. నా వయసే ఉంటుంది. దాటి, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అంతే. ఆయన నన్నే చూశాడో, వెనకాల లారీ వస్తుందేమోనని చూశాడో దేవుడికెరుక. నాకు మాత్రం ఎక్కడో కాలింది. మాస్టారిని అక్కడే వదిలేసి వెంటపడ్డాను. ఆ తర్వాత ఇరవై కిలోమీటర్లలో ఏం చూశావంటే చెప్పలేను. ఎర్ర చొక్కా వీపు చూశాను. చెరువు దాటామట, గుడి దాటామట, నాకు తెలీదు.

యాభయ్యో కిలోమీటరు దగ్గర ఓ పల్లె మలుపు. కోతల కాలం కాబట్టి తారు రోడ్డు మీద రాగి పరిచారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. అది తప్పే. అధికారులు ఏటా వద్దని చెబుతూనే ఉంటారు, ఏటా పరుస్తూనే ఉంటారు. రాగి గడ్డి మీద సన్నటి టైరు నిలవదు. నా ముందు ఓ ఆరుగురు గుంపుగా పోతున్నారు, ఒకడి చక్రానికీ ఇంకొకడి చక్రానికీ మధ్య జానెడు కూడా లేకుండా. అలా అంటుకుని పోతే ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడికి శ్రమ పావు వంతుకు పైనే తగ్గుతుంది. రేసుల్లో ఇది పాత విద్య. చిక్కేమిటంటే వెనకవాడికి రోడ్డు కనబడదు, ముందువాడి వీపే కనబడుతుంది. సరిగ్గా అప్పుడే పక్క దారిలోంచి ఓ పెద్దాయన సైకిలుకి రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని డైరీకి పాలు పొయ్యడానికి వస్తున్నాడు. గుంపులోంచి 'లెఫ్ట్! లెఫ్ట్!' అని కేకలు. ఎడమకి పొమ్మంటున్నారా, తాము ఎడమ నుంచి వస్తున్నామంటున్నారా? ఇంగ్లీషు వచ్చిన నాకే అర్థం కాలేదు. తెలుగు, కన్నడం తప్ప ఇంకో మాట తెలియని ఆయనకేం అర్థమవుతుంది? ఆయన తిప్పిన వైపుకే వాళ్లూ తిప్పారు.

ఒక కుర్రాడికి భుజం దగ్గర ఎముక విరిగింది. ఇద్దరికి చర్మం లేచిపోయింది. పెద్దాయన మోకాలు పగిలింది. పాలన్నీ రాగి గడ్డిలో కలిసిపోయాయి. నిర్వాహకుల అంబులెన్సు వచ్చి కుర్రాణ్ని తీసుకెళ్లింది. పెద్దాయన్ని ఊరివాళ్లే ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టారు. పడినవాళ్లలోనే ఒకడు లేచి, తన జేబులోంచీ తోటివాళ్ల జేబుల్లోంచీ కొంత డబ్బు పోగుచేసి ఆయన చేతిలో పెట్టాడు. అది చెప్పకపోతే అన్యాయం. మిగిలిన ఇద్దరు ముగ్గురు ఒక్క నిమిషం ఆగి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయారు. వాళ్ల టైము నడుస్తోంది మరి.

ఆ ఇద్దరు ముగ్గుర్ని తిట్టే హక్కు నాకు లేదు. నేను వాళ్లకి రెండు వందల మీటర్ల వెనక ఉన్నాను, నాలో సత్తువ లేక. ఇంకాస్త గట్టిగా తొక్కగలిగి ఉంటే ఆ గుంపులో ఏడోవాణ్ని నేనే.

సాయంత్రం నిర్వాహకుల్ని అడిగాను. పెద్దాయన సంగతేంటి, పల్లెల్లో ముందుగా ఎందుకు చాటింపు వెయ్యలేదు, మలుపు దగ్గర మనిషిని ఎందుకు పెట్టలేదు అని. జవాబు ఒక్కటే: 'సార్, ఇది రేసు కాదు కదా.' రేసు కాదు కాబట్టి రోడ్డు మూయించక్కర్లేదు. రేసు కాదు కాబట్టి ప్రతి మలుపుకీ మనిషి అక్కర్లేదు. ఎవరికేమైనా వాళ్ల బాధ్యతేనని దరఖాస్తులో సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకం మేం పెట్టాం. పాల పెద్దాయన పెట్టలేదు. అదే ఫోన్లో ఆ మాట వింటుండగానే టింగుమని ర్యాంకుల జాబితా వచ్చింది. అమ్ముకునేటప్పుడు రేసు, అడిగేటప్పుడు ఫన్ రైడ్! మన ప్రాంతంలో ఈ సవారీలు ఏటేటా పెరుగుతున్నాయి కాబట్టి దీన్ని ఇక చూసీచూడనట్టు వదిలేయడానికి లేదు.

పోటీ చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఉత్తర కర్ణాటకకి వెళ్లి చూడండి. విజయపుర, అదే పాత బీజాపూరు, బాగల్‌కోటె జిల్లాల్లోని పల్లెల పిల్లలు సైకిలు రేసుల్లో దేశానికే పేరు తెచ్చారు. రైతు ఇళ్ల పిల్లలు. విజయపురలో వాళ్లకోసం క్రీడా హాస్టలు ఉంది. వాళ్లకి పోటీ అంటే బతుకుదెరువు, ఆ పతకంతో రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగం వస్తుందన్న ఆశ. ముంబయి-పుణె సైకిలు పోటీ భోర్ ఘాట్ ఎక్కుతూ దశాబ్దాలుగా జరుగుతోంది. వీటిలో గెలుపోటముల్ని ఎవరూ దాచరు. రేసని చెప్పి రేసు పెడతారు. నియమాలుంటాయి, చూసేవాళ్లుంటారు, తప్పు చేస్తే తీసేస్తారు.

అసలు ఈ రోడ్డు రేసుల్ని పెంచి పోషించింది మా పత్రికలవాళ్లే అంటే మీరు నవ్వుతారేమో. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి మళ్లీ పారిస్ చేరే 1,200 కిలోమీటర్ల పందెం పెట్టింది ఓ పత్రిక. 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టింది ఇంకో పత్రిక, దాని సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్. అంతా పేపరు అమ్ముకోవడానికే. ఇందులో గమ్మత్తేమిటంటే ఆ దెగ్రాంజే మరుసటి ఏడాది, 1904లో, ఫ్రాన్సులో ఇంకోరకం సవారీకి కూడా అండగా నిలిచాడు. అందులో అందరూ కలిసి, ఒకే వేగంతో, ముందు నడిపేవాడి వెనకే వెళ్లాలి. గెలుపు లేదు. చేరడమే. అంటే ఒకే మనిషి రెండు దుకాణాలు పెట్టాడు గానీ సరుకు కలపలేదు. 1921 నుంచి పారిస్‌లోని ఓ క్లబ్బు ఎవరి వేగంతో వాళ్లు వెళ్లే పద్ధతి తెచ్చింది. పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో రేసు 1951తో ఆగిపోయింది. రేసు కాని సవారీ మాత్రం నిలబడింది. ఇప్పటికీ నాలుగేళ్లకోసారి ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది వెళ్తారు. ఎక్కువమంది ఎంచుకునే గడువు తొంభై గంటలు. మన దేశం నుంచీ వెళ్తున్నారు. 2019లో వెళ్లిన మనవాళ్లలో చాలామంది గడువులోగా పూర్తి చేయలేకపోయారు. అలాగని వాళ్లని ఓడిపోయారని ఎవరూ అనలేదు.

ఆ కొమ్మే మన దగ్గర బీఆర్ఎం పేరుతో నడుస్తోంది. బెంగుళూరులో, హైదరాబాదులో, చెన్నైలో దీనికి క్లబ్బులున్నాయి. చేతికి ఓ అట్ట ఇస్తారు. దారిలో చెప్పిన చోట్ల ముద్ర వేయించుకోవాలి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై. ఈ నాలుగూ ఒకే ఏడాది పూర్తిచేస్తే బిరుదు. రాత్రి దీపాలు, మెరిసే కోటు లేకపోతే కుదరదు. నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది: మరీ త్వరగా చేరినా తప్పే! ముద్ర వేసే చోటుకి తెరిచే వేళ, మూసే వేళ రెండూ ఉంటాయి. 200 కిలోమీటర్ల సవారీలో అయిదు గంటల యాభై మూడు నిమిషాలకి ముందు గమ్యం తలుపు తెరుచుకోదు. చివర్లో ర్యాంకులు ఉండవు. ఫలితాలు పేర్ల అక్షర క్రమంలో ఇస్తారు. ముందొచ్చినవాడు ముందుండడు, 'అ'తో పేరున్నవాడు ముందుంటాడు. సరదా అంటే ఒళ్లు దాచుకోవడమని అనుకునేవాళ్లు ఆ నలభై గంటల సవారీ ఒకటి చేసి రావాలి. నేను 200 కిలోమీటర్లది ఒక్కసారి చేశాను, పదమూడు గంటలు పట్టింది. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. ఎవరూ నా నంబరు అడగలేదు.

మధ్యేమార్గం లేదా అంటే ఉంది. 2008 డిసెంబరులో మొదలైన టూర్ ఆఫ్ నీల్‌గిరీస్ కర్ణాటక, కేరళ, తమిళనాడు దారుల్లో వారం పైగా సాగుతుంది. అదంతా పోటీ కాదు. కొన్ని ముక్కలకే గడియారం పెడతారు. మసినగుడి వైపు నుంచి ఊటీకి ఎక్కే కల్హట్టి ఘాట్ అలాంటిదే. ముప్పై ఆరు హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ ఎవడి సత్తా వాడు చూపించుకోవచ్చు. ఏటవాలు ఎక్కేటప్పుడు ఎంత పోటీపడినా వేగం తక్కువే కాబట్టి ప్రమాదమూ తక్కువే. మిగతా దారంతా టీ తాగుతూ, ఫొటోలు దిగుతూ వెళ్లవచ్చు. పల్లెల మధ్య గడియారం ఆపేయడం పెద్ద విద్యేం కాదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

పెద్ద సంఖ్యలో జనాన్ని ఒకేసారి రోడ్డెక్కించడం తెలిసినవాళ్లు దక్షిణాఫ్రికాలో ఉన్నారు. కేప్‌టౌన్‌లో సైకిలు దారులు కావాలని అడగడం కోసం జనం రోడ్డెక్కడంతో మొదలై, 1978లో ఓ అయిదొందల పాతిక మందితో సాగిన సవారీ, ఇప్పుడు వేలకు వేలమంది తొక్కే 109 కిలోమీటర్ల జాతరైంది. రోడ్డు మూసేస్తారు. వేగంగా తొక్కేవాళ్లని ముందు వదులుతారు, తర్వాత మిగతావాళ్లని బృందాలుగా వదులుతారు. పోటీవాడు పోటీవాడితోనే ఉంటాడు. తాతా మనవడూ వెనకాల తమ మానాన తాము వస్తారు. అక్కడ రెండూ కలిసే ఉన్నాయి, కానీ ఒకదాని ముసుగులో ఇంకొకటి లేదు.

సరే, నిర్వాహకులు చిప్పులు తీసేస్తే అయిపోతుందా అంటే కాదు. చిప్పు ఇప్పుడు మన జేబులోనే ఉంది. 2009లో మొదలైన స్ట్రావా యాప్ రోడ్డుని ముక్కలు చేసి, ఏ ముక్కని ఎవరు ఎంత వేగంగా దాటారో పట్టిక వేసి చూపిస్తుంది. నంది కొండ దారికీ ఆ పట్టిక ఉంది. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ సైక్లిస్టు వాలులో దూసుకొస్తూ కూడలి దగ్గర రోడ్డు దాటుతున్న 71 ఏళ్ల పెద్దాయన్ని గుద్దాడు. ఆయన ప్రాణం పోయింది. ఆ సైక్లిస్టు తన సవారీల్ని ఈ యాప్‌లో నమోదు చేసుకునేవాడే. మరుసటి ఏడాది కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. వెయ్యి గంటల సమాజ సేవ శిక్ష పడింది. సైకిలే కదా, ఏమవుతుందిలే అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి.

మన చట్టంలోనూ ఓ సందు ఉంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్ల మీద పందేలు వెయ్యడాన్ని నేరమంటుంది. కానీ అది మోటారు బండ్ల పందేలకే. సైకిలుకి మోటారు లేదు కాబట్టి ఆ సెక్షను దాని జోలికి పోదు. కాబట్టి జిల్లా పోలీసులు, పంచాయతీలే అడగాలి. రైడ్ అని అనుమతికి వచ్చినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వెయ్యాలి: చివర్లో ర్యాంకులిస్తారా? ఇస్తామంటే అది రేసే. రోడ్డు మూయించి, మలుపుకో మనిషిని నిలబెట్టి, ఊళ్లవాళ్లకి కూడా బీమా చూపించి పెట్టుకోనివ్వాలి. ఇవ్వమంటే చిప్పు లేకుండా, ఉదయం పాలు పోసే వేళ పల్లెల్లోకి రాకుండా దారి వేసుకోమనాలి. రెండూ కాక మూడో దారి ఇవ్వకూడదు.

ఊళ్లల్లో చాటింపు సంగతి మరీ ముఖ్యం. వచ్చే సైకిళ్లకి ముందు ఓ ఆటోలో మైకు పెట్టి కన్నడంలో, తెలుగులో నాలుగు మాటలు చెప్పడానికి ఎంతవుతుంది? టీషర్టుల ఖర్చులో పిసరంత. బాగేపల్లి, ముళబాగిలు పల్లెల్లో ఓట్లడిగేవాళ్లు ఇప్పటికీ రెండు భాషల్లోనూ అడుగుతారు. హోసూరు వైపైతే తెలుగుతో పాటు తమిళం. సైకిళ్లవాళ్లే ఇంగ్లీషులో అరుచుకుంటూ పోతారు. తొక్కేవాళ్లకి కూడా 'ఎడమ', 'పక్కకి', 'నిదానం' లాంటి నాలుగు మాటలు నేర్పి పంపితే ఏం పోయింది?

ఇంకో మాట. కర్ణాటకలో 2006-07లో మొదలైన పథకంలో బడిపిల్లలకి ఉచితంగా సైకిళ్లిచ్చారు. తమిళనాడులోనూ ఇచ్చారు. సరిహద్దు పల్లెల్లో ఎందరో ఆడపిల్లలు ఆ సైకిళ్ల మీదే హైస్కూలుకి పోయి చదువుకున్నారు. వాళ్లు రోజూ తొక్కిన రోడ్డు మీదే ఈ సవారీలు జరుగుతాయి. ఆ పిల్లల్లో ఒక్కరికైనా నంబరు అట్ట ఇచ్చినవాళ్లు నాకు ఇంతవరకు కనబడలేదు. నిజంగా సరదా సవారీయే అయితే పది కిలోమీటర్లు ఊరి పిల్లల్ని కూడా కలుపుకోండి. గేర్లు లేని సైకిలు పక్కన తొక్కుతుంటే నలభై వేల సైకిలైనా నిదానిస్తుంది. నేను చూశాను. రిటైర్డు మాస్టారు పక్కన తొక్కినంతసేపు నా సైకిలూ నిదానంగానే ఉంది.

ఆ మాస్టారు ఆరోజు సాయంత్రం అందరికన్నా వెనక చేరుకున్నాడు. గేటు దగ్గర పతకాలిచ్చే బల్ల అప్పటికే మడిచేశారు. పడిపోయిన చోట ఆయన ఆగి, పాల పెద్దాయన్ని ఆటో ఎక్కించి, మోకాలికి కట్టు కట్టించి, మళ్లీ సైకిలెక్కి వచ్చాడట. జాబితాలో ఆయన పేరు ఎదుట ర్యాంకు లేదు. గడువులోగా పూర్తి చేయలేదని రాసుంది.

మొన్న ఆ పల్లె మీదుగా పోతూ డైరీ దగ్గర ఆగాను. పెద్దాయన గుర్తుపట్టాడు. కాలు నయమైంది గానీ చలికి లాగుతుందట. రోడ్డు మీద మళ్లీ రాగి పరిచారు. ఈ ఏడు సైకిళ్లవాళ్లు ఎప్పుడొస్తారని అడిగాడు. ఎందుకు తాతా అన్నాను.

"తారీఖు ముందే చెప్పప్పా. ఆ పొద్దు పెందలాడే వచ్చి పాలు పోసేసి ఇంట్లో కూర్చుంటా."